గట్టు మీద నాలుగు సెకన్లు: పొలాల్లో అనుకోకుండా ఎదురయ్యే జంతువులను ఫోటో తీయడం – నా అనుభవం

పొలం గట్టు మీద ముంగిస ప్రత్యక్షమవుతుంది, నోట్లో పాము. బాట దాటి అవతలి కంచెలో దూరడానికి దానికి పట్టేది మూడు, నాలుగు సెకన్లు. అది ఏమిటో మనకు తెలిసేసరికే అర సెకను పోతుంది. కెమెరా కంటికి ఆనించి, పొడుగు లెన్సులో జంతువును వెతికి పట్టుకోవడానికి ఒక సెకను. కెమెరా నిద్రపోతూ ఉంటే మేలుకోవడానికి ఒకటో రెండో. ఇందాక తీసిన సీతాకోకచిలుక దగ్గరే, రెండు మీటర్ల దూరంలోనే ఫోకస్ ఆగి ఉంటే, అక్కణ్నుంచి ముప్ఫై మీటర్లకు రావడానికి ఇంకొకటి. కూడితే ఫోటోకు మిగిలింది సున్నా.

నేను పోగొట్టుకున్న ఫోటోల్లో ఎక్కువ భాగం ఇలా పోయినవే. జంతువు కనబడకపోవడం వల్ల పోయినవి తక్కువ, కనబడ్డాక పోయినవే ఎక్కువ. అందుకే ఇక్కడ రాసేది చాలావరకు ఆ నాలుగు సెకన్లను ముందుగానే ఎలా మిగుల్చుకోవాలన్నదాని గురించి.

అరుదైన ఫోటో అంటే అరుదైన జంతువు ఫోటో అని చాలామంది అనుకుంటారు. పొలాల దగ్గర ఎక్కువగా జరిగేది వేరు. రోజూ కనిపించే ప్రాణే ఎప్పుడూ చూడని పని చేస్తుంది. 2015 మార్చిలో లండన్ శివార్లలోని హార్న్‌చర్చ్ కంట్రీ పార్కులో ఒక ఔత్సాహికుడు తీసిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఎగురుతున్న ఆకుపచ్చ వడ్రంగిపిట్ట, దాని వీపు మీద వీజిల్. వీజిల్ అంటే ముంగిసకన్నా బాగా చిన్నదైన, సన్నటి వేటజంతువు. రెండూ అక్కడ తెలిసిన జీవులే. ఆ రకం వడ్రంగిపిట్ట చీమల కోసం నేల మీదికి దిగుతుంది. అలా దిగినప్పుడు వీజిల్ మీద పడింది, పిట్ట దాన్ని మోసుకునే లేచింది. అలాంటిది తీయాలంటే దూరదేశాలు వెళ్లనక్కర్లేదు. ఒకే చోటికి పదేపదే వెళ్లాలి.

నేను ఎంచుకునేది కిలోమీటరుకు మించని ఒక చుట్టుబాట. అందులో మూడు ఉండేలా చూసుకుంటాను: నీరు, పొదల వరస, దున్నిన నేల. ఈ మూడూ కలిసే అంచుల్లోనే కదలిక ఎక్కువ. పొలం నడిమధ్యలో ఏ జంతువూ ఎక్కువసేపు నిలబడదు, అంచు వెంబడి నడుస్తుంది. మొదటి నాలుగైదు సార్లు కెమెరాకన్నా కళ్లకే పని. ముళ్లకంచెకు చిక్కిన వెంట్రుకలు, కంచె కింద నున్నగా అరిగిన సందు, తడిమట్టిలో అడుగులు, గట్టు మలుపులో అదే రాయి మీద మళ్లీమళ్లీ పడే పెంట, చెట్టు మొదట్లో గుడ్లగూబ కక్కిన ఎముకలూ వెంట్రుకల ఉండలు, ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలి. నక్కలాంటివి అందరికీ కనబడేచోటే పెంట వేసి హద్దు చెప్పుకుంటాయి కాబట్టి, తాజా పెంట కనిపించిన మలుపు దగ్గర కూర్చుంటే ఉత్తపుణ్యానికి కూర్చున్నట్టు కాదు. పదీ పన్నెండు సార్లు తిరిగాక ఏ పిట్ట ఏ కొమ్మ మీద వాలుతుందో తెలిసిపోతుంది. అప్పుడు తేడా దానంతటదే కంటికి కొడుతుంది.

చెవులు కూడా పెట్టాలి. పసులపోలిగాడు, పిగిలిపిట్టలు, ఉడుతలు ఒకే పొద చుట్టూ మూగి గోల పెడుతున్నాయంటే లోపల ఎవరో ఉన్నారు. గోల ఒకే చోట నిలిచిపోతే సాధారణంగా పాము గానీ, పగటిపూట ఒదిగి కూర్చున్న గుడ్లగూబ గానీ. గోల పొద వెంట జరుగుతూ పోతుంటే నడిచే జంతువు: పిల్లో, ముంగిసో. అలా జరిగేటప్పుడు గోల వెనకాల పరుగెత్తకూడదు. అది పోతున్న దిక్కులో పొదల వరస ఎక్కడ తెగిందో చూసి, ఆ ఖాళీకి ఎదురుగా ఆగాలి. బయటపడే చోటు అదే. తీతువు సంగతి మాత్రం వేరు. అది మనల్ని చూసి అరవడం మొదలుపెడితే ఆ పొలమంతటికీ మన రాక చాటింపు వేసినట్టే. కూర్చుని పావుగంట ఊరుకోవడం తప్ప మార్గం లేదు.

ఇక కెమెరా.

మోడ్ మాన్యువల్, ఐఎస్ఓ (సెన్సారు వెలుతురును ఎంత పెంచి చూపాలన్నది) ఆటో. షట్టర్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలన్నది, సెకన్లలో), అపెర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలన్నది) నా చేతిలో, వెలుతురు మారితే సర్దుకునే పని ఐఎస్ఓది. చాలామంది వాడే అపెర్చర్ ప్రయారిటీలో, అంటే అపెర్చర్ మనం పెట్టి షట్టర్ కెమెరాకు వదిలేసే మోడ్‌లో, చిక్కేమిటంటే, జంతువు ఎండలోంచి చెట్టు నీడలోకి అడుగుపెట్టగానే షట్టర్ 1/2000 నుంచి 1/200కు పడిపోతుంది, ఆ కంగారులో మనం చూసుకోం. ఇంటికొచ్చాక చూస్తే ఇరవై ఫ్రేములూ చెదిరిపోయి ఉంటాయి. ఐఎస్ఓ పెరిగి గరుకుదనం వస్తే కొంతవరకు తగ్గించుకోవచ్చు, చెదిరిన కన్నును ఎవరూ బాగుచేయలేరు. ఆటో ఐఎస్ఓ గరిష్ఠ పరిమితి 12800 దగ్గర పెడతాను. మీ కెమెరా 6400 దాటితే బాగోదని అనిపిస్తే అక్కడ ఆపండి. అయితే మసక వెలుతురులో పరిమితి తగిలాక ఫోటో నల్లబడుతుంది, అప్పుడు షట్టర్ చేత్తో దించుకోవాలి.

కెమెరా పైన ఉండే సొంత సెట్టింగుల గడులు రెంటిని ఈ పనికే కేటాయించాలి. మొదటిది 'పరుగు': షట్టర్ 1/2000, అపెర్చర్ లెన్సు ఎంత తెరుచుకుంటే అంత, ఫోకస్ కంటిన్యువస్ (కదిలే జంతువును వదలకుండా వెంటాడేది), విశాలమైన ఫోకస్ ప్రాంతం, జంతువు కన్ను గుర్తుపట్టే సౌకర్యం ఆన్, బర్స్ట్ (మీట నొక్కి ఉంచితే వరసగా పడే ఫ్రేములు) సెకనుకు 15 నుంచి 20. రెండోది 'నిలకడ': షట్టర్ 1/500, అపెర్చర్ కొంత మూసి ఎఫ్/8, ఒకే చిన్న ఫోకస్ బిందువు, కన్ను గుర్తింపు ఆఫ్, బర్స్ట్ నెమ్మది. నడుస్తున్నంతసేపూ డయల్ 'పరుగు' మీదే ఉంటుంది. కూర్చున్న పిట్టను 1/2000తో తీసినా నష్టం లేదు, పరుగెత్తే కుందేలును 1/500తో తీస్తే ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కెమెరాల్లో గడిలో ఉండగా మార్చిన సెట్టింగు దానంతటదే భద్రమైపోయే ఎంపిక ఒకటి మెనూలో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు నిన్న సాయంత్రం దించిన 1/250, ఇవాళ పొద్దున 'పరుగు' పేరుతో మీకోసం ఎదురుచూస్తుంటుంది. ఆఫ్ చేయండి.

1/2000 అవసరమా అని అడిగేవాళ్లకు ఒక లెక్క. 600 మి.మీ. లెన్సుతో 20 మీటర్ల దూరంలో, సెకనుకు ఒక మీటరు చొప్పున, అంటే తీరుబడిగా నడుస్తున్న నక్కను కెమెరా కదపకుండా తీస్తే, 1/1000 సెకనులో దాని బొమ్మ సెన్సారు మీద 0.03 మి.మీ. జరుగుతుంది. పిక్సెల్ 4 మైక్రాన్లనుకుంటే అది ఏడున్నర పిక్సెళ్లు. నడకకే ఇంత! నక్కతో పాటు లెన్సు తిప్పుతూ తీస్తే ఒళ్లు నిలుస్తుంది, కాళ్లు చెదురుతాయి. లెన్సులోని స్థిరీకరణ మన చేతి వణుకునే ఆపుతుంది. ఎదుటి జంతువు కదలికతో దానికి సంబంధం లేదు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్ల చెడిన ఫోటోలకు లెక్కలేదు.

లోతు కూడా అంతే పిసినారి. అదే 600 మి.మీ., ఎఫ్/6.3, ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు, 20 మీటర్ల దూరం అయితే స్పష్టంగా ఉండే లోతు సుమారు 42 సెంటీమీటర్లు. 10 మీటర్లకు దగ్గరైతే పదిన్నర సెంటీమీటర్లే. ఒక్క జంతువైతే కన్ను అందులో పడితే చాలు. రెండు జంతువులు పెనుగులాడుతుంటే మాత్రం ఒకటి స్పష్టంగా, ఒకటి మసగ్గా వస్తుంది. చూసేవాడికి అసలు సంగతే అర్థం కాదు.

చిన్నవి, కానీ సెకన్లు తినేసేవి ఇంకొన్ని ఉన్నాయి. కెమెరా తనంతట తాను నిద్రపోయే సమయాన్ని 30 నిమిషాలకు పెంచాలి, అదనపు బ్యాటరీ జేబులో ఉంచాలి. లెన్సు మూత సంచిలో ఉండాలి, హుడ్ లెన్సుకు ఉండాలి. ఫోకస్ దొరికినప్పుడు వచ్చే కీచుమనే శబ్దం, ఫోకస్‌కు సాయంగా వెలిగే దీపం, రెండూ ఆఫ్. ఫోటో తీసిన వెంటనే తెరమీద చూపించే ఎంపికా ఆఫ్. జూమ్ లెన్సయితే నడిచేటప్పుడు పొట్టి చివరలోనే పెట్టి ఉంచాలి. 600 దగ్గర జంతువును వెతకడం సన్నటి గొట్టంలోంచి ఆకాశంలో పిట్టను వెతకడమే. పొట్టి చివరలో పట్టుకుని, అక్కణ్నుంచి లాక్కుంటూ వెళ్లాలి. ప్రతి పది నిమిషాలకోసారి పాతిక, ముప్ఫై మీటర్ల దూరంలో ఉన్న ఏ కంచెగుంజ మీదో ఫోకస్ చేసి వదలాలి. ఎదురుపడేవి ఎక్కువగా ఆ దూరంలోనే ఎదురవుతాయి. లెన్సు మీద ఫోకస్ దూరాన్ని పరిమితం చేసే మీట ఉంటే దగ్గరి దూరాలను కట్ చేయాలి. కళ్లు జంతువు మీంచి తీయకుండా, కెమెరానే చూపుకు అడ్డంగా పైకి తెచ్చే అలవాటు చేసుకోవాలి. తలదించి కెమెరా చూసుకుని మళ్లీ తలెత్తితే జంతువు ఎక్కడుందో మర్చిపోతాం. కాకుల మీద రోజుకు పదిసార్లు సాధన చేస్తే వారంలో వస్తుంది.

ఇప్పటి కెమెరాల్లో కొన్నింటికి షట్టర్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి ముందరి అర సెకనో ఒక సెకనో ఫ్రేములను కూడా దాచిపెట్టే సౌకర్యం ఉంది. లకుముకిపిట్ట కొమ్మ వదిలే క్షణం, పాము కాటు వేసే క్షణం మన వేలికి అందేవి కావు, మనిషి చూసి స్పందించడానికే సుమారు పావు సెకను పడుతుంది. అక్కడ ఇది నిజంగా పనికొస్తుంది. కానీ దీన్ని రోజంతా ఆన్‌లో ఉంచితే బ్యాటరీ కరిగిపోతుంది, కార్డు నిండిపోతుంది. పైగా కొన్ని కెమెరాల్లో ఈ ఫ్రేములు జేపెగ్‌గానే దక్కుతాయి, రా ఫైలు (సెన్సారు పట్టింది పట్టినట్టు దాచే ముడి ఫైలు) రాదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఇంకో ఇబ్బంది: సెన్సారు పైనుంచి కిందికి వరసలవారీగా చదవడం నెమ్మదిగా సాగే కెమెరాల్లో, వేగంగా కొట్టుకునే రెక్క వంకరపోయి వస్తుంది. వేగంగా చదివే స్టాక్డ్ సెన్సారు లేని కెమెరా అయితే ఎగిరే పిట్టలకు మెకానికల్ షట్టరే మేలు.

బర్స్ట్ విషయంలో పొదుపు అవసరం. ఒక్కో రా ఫైలు 40 ఎంబీ అనుకుంటే, సెకనుకు 20 ఫ్రేములంటే 800 ఎంబీ. యూహెచ్ఎస్-2 రకం ఎస్‌డీ కార్డుల సిద్ధాంత గరిష్ఠమే సెకనుకు 312 ఎంబీ. మిగిలింది కెమెరా లోపలి తాత్కాలిక జ్ఞాపకంలో పేరుకుంటుంది. కొన్ని కెమెరాల్లో రెండు, మూడు సెకన్లకే అది నిండి షట్టర్ నత్తనడక పడుతుంది. సరిగ్గా ముంగిస వెనక్కి తిరిగి చూసేది అప్పుడే. అర సెకను, మూడొంతుల సెకను చొప్పున విడివిడి బర్స్టులుగా తీస్తే ఈ గొడవ ఉండదు.

ఫోటో ఎంత వెలుతురుగా రావాలో ప్లస్, మైనస్‌లతో సర్దే ఎక్స్‌పోజర్ డయల్ విషయం త్వరగా చెప్పేస్తాను. చీకటి పొద ముందు తెల్లకొంగ ఉంటే మైనస్ 1 దగ్గర మొదలుపెట్టండి, లేకపోతే ఈకల వివరం మొత్తం తెల్లగా కాలిపోతుంది. తెల్లటి ఆకాశం మీద నల్లటి పసులపోలిగాడుంటే ప్లస్ 1.7 దాకా వెళ్లాలి. ఈ డయల్ ఎక్కడుందో చూడకుండా వేలికి తెలియాలి.

నడకలో గాలి ముఖాన కొట్టేలా బాట ఎంచుకుంటాను. క్షీరదాలకు వాసనే మొదటి కన్ను. గాలి దిక్కు తెలియకపోతే చిటికెడు దుమ్ము వదిలితే చాలు. ఇరవై అడుగులు వేయడం, నిమిషం ఆగడం. జంతువులు కదిలేదాన్ని పట్టుకుంటాయి, ఆగినదాన్ని వదిలేస్తాయి. గట్టు శిఖరం మీద నడవకూడదు. ఆకాశం ముందు మనిషి ఆకారం అర కిలోమీటరు నుంచే తెలిసిపోతుంది. పొద పక్కన కాకుండా, పొదకు వీపు ఆనించి కూర్చోవాలి, మన అంచులు దాంట్లో కలిసిపోతాయి. నైలాను ప్యాంటు రాపిడి, సంచి వెల్క్రో చప్పుడు ఫోటోగ్రాఫర్‌ను పట్టించేవాటిలో ముందుంటాయి. రంగుకన్నా చప్పుడు, చప్పుడుకన్నా కదలిక ఎక్కువ ద్రోహం చేస్తాయి. 1900లో కియర్టన్ సోదరులనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్లు పక్షుల్ని తీయడానికి ఎద్దు తోలుతో గుల్ల ఎద్దును తయారుచేసి, దాని లోపల నక్కి కెమెరా పట్టుకునేవారు. ఇప్పుడు అంత శ్రమ అక్కర్లేదు, మడత కుర్చీ ఎత్తున్న చిన్న గుడారం చాలు. అయినా వాళ్ల ఆలోచనలోని అసలు కిటుకు మారలేదు: మనిషిని దాచడం కాదు, మనిషి ఆకారాన్ని చెరిపేయడం.

అన్నిటికన్నా మంచి గుల్ల ఎద్దు కారు. చాలా జంతువులు కారును పట్టించుకోవు, తలుపు తెరుచుకున్న మరుక్షణం పరుగు. కాబట్టి తలుపు జోలికి పోకుండా కిటికీలోంచే తీయాలి. కిలోన్నర, రెండు కిలోల బరువుండేలా గింజలు నింపిన గుడ్డసంచి కిటికీ అంచున వేసి, దానిమీద లెన్సు ఆనించాలి. ఇంజన్ ఆపాలి. వణుకు ఒక కారణం, బానెట్ మీంచి లేచే వేడిగాలి ఇంకో కారణం. జంతువు వైపు నేరుగా నడపకూడదు. దాన్ని దాటి వెళ్లిపోతున్నట్టు ఏటవాలుగా కొంత వెళ్లి, ఆగి, ఒక ఫ్రేము తీసి, మళ్లీ కొంత వెళ్లాలి. వెనక వచ్చే బండ్లకు దారివ్వగలిగే చోటే ఆపాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఎదురైంది. ఏం చేయాలి?

ఉన్నచోటి నుంచే తీయాలి. వెనకాల కరెంటు స్తంభం ఉందని, ముందు గడ్డిపరక ఉందని ఆలోచించకూడదు. మొదటి బర్స్టు సాక్ష్యం కోసం. అది పూర్తయ్యాక, జంతువు ఇంకా అక్కడే ఉంటే, ఒక్క చూపులో షట్టరూ ఐఎస్ఓ చూసి సర్దుకోవాలి. మూడోది, జూమ్ వెనక్కి లాగి చుట్టుపక్కల కనిపించేలా రెండు ఫ్రేములు తీయాలి. దీన్ని అందరూ మరిచిపోతారు. తర్వాత చూసుకుంటే ముఖం నిండిన ఫోటోకన్నా, దున్నిన చాళ్ల మధ్య చిన్నగా నిలబడ్డ తోడేలు ఫోటోయే ఎక్కువ చెబుతుంది. నాలుగోది స్థానం మార్చడం. అది కూడా జంతువు తలదించి ఉన్నప్పుడే, వంగి, దానివైపు కాక పక్కకు. అది తలెత్తి మనల్ని చూస్తే ఆగి, చూపు పక్కకు తిప్పాలి. కళ్లలోకి గురిపెట్టి చూసేది వేటగాడే కదా.

గడ్డి చాటున ఉన్న జంతువు దగ్గర ఆటో ఫోకస్ మోసం చేస్తుంది. విశాలమైన ఫోకస్ ప్రాంతం దగ్గరి గడ్డినే పట్టుకుంటుంది, కన్ను గుర్తింపు గడ్డిపూతను కన్నని నమ్ముతుంది. వెంటనే 'నిలకడ' గడికి తిప్పి, చిన్న బిందువును తల మీద పెట్టాలి. అప్పటికీ వినకపోతే లెన్సు ఫోకస్ రింగును చేత్తో తిప్పి దగ్గరకు తేవాలి. చాలా లెన్సుల్లో ఆటో ఫోకస్ ఆన్‌లో ఉండగానే ఇది కుదురుతుంది. ఫోకస్‌ను షట్టర్ మీట నుంచి విడదీసి వెనక బొటనవేలి మీటకు ఇచ్చుకుంటే, దొరికిన ఫోకస్‌ను వేలు తీసి అక్కడే నిలపవచ్చు. గడ్డిలో దీనికి మించిన సదుపాయం లేదు.

నాలుగు సెకన్ల నియమానికి ఒక మంచి మినహాయింపు పాముల సయ్యాట. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని ముందు భాగం నేలమీంచి లేపి ఊగుతుంటే జతకట్టాయని అనుకోవడం మామూలు. తీసిన ఫోటోలను వరసగా పెట్టి చూడండి: ఒకటి రెండోదాని తలను నేలకు అదమడానికి చూస్తుంటుంది. అవి సాధారణంగా రెండూ మగవే, అది బలప్రదర్శన. జతకట్టేటప్పుడు ఈ లేచి తోసుకోవడాలు ఉండవు, నేలబారుగా సాగుతుంది. సయ్యాట చాలా నిమిషాలు సాగుతుంది కాబట్టి ఆలోచించి తీసే వీలుంది. 5, 6 మీటర్లకన్నా దగ్గరికి పోకూడదు. ఆ ధ్యాసలో అవి మనవైపే దొర్లుకుంటూ రావచ్చు. కెమెరా నిలువుగా తిప్పాలి. రెండు తలలూ స్పష్టంగా రావాలంటే అపెర్చర్ మూయడంకన్నా జూమ్ తగ్గించడం మేలు. 6 మీటర్ల దగ్గర 400 మి.మీ.తో ఎఫ్/8 ఇచ్చే లోతు పదకొండు సెంటీమీటర్లు, 200 మి.మీ.తో అదే ఎఫ్/8 దాదాపు 43. నిలువు ఫ్రేములో మీటరుకు పైగా ఎత్తు పడుతుంది, లేచిన పాములకు అది చాలు. షట్టర్ 1/500 నుంచి 1/800. కెమెరా నేలకు దగ్గరగా దించితే వెనక నేపథ్యం దూరంగా జరిగి బొమ్మ విడిపడుతుంది. మీరు మోకాళ్ల మీద కూర్చుంటే లేచి వెనక్కి జరగడానికి దారి ఉందో లేదో ముందు చూసుకోండి.

అన్నీ సరిగ్గా చేసినా ఫోటో మెత్తగా వస్తే, లెన్సును తిట్టే ముందు గాలిని అనుమానించాలి. ఎండెక్కాక దున్నిన నేల మీంచి, తారురోడ్డు మీంచి లేచే వేడిగాలి అలలు దూరపు జంతువు బొమ్మను వంకరలు తిప్పుతాయి. ఎంత ఖరీదైన లెన్సయినా, ఎంత వేగపు షట్టరైనా దీన్ని దాటలేవు. గుర్తు ఏమిటంటే, వరస ఫ్రేముల్లో ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా, ఒకచోట కన్ను సాగినట్టు ఉంటుంది. పొద్దెక్కని మొదటి రెండు గంటలు, మబ్బు పట్టిన రోజులు దీనికి మందు. నేలబారు కోణం బొమ్మకు అందమే గానీ వేడిగాలి ఎక్కువగా ఉండేదీ అక్కడే, కాబట్టి మధ్యాహ్నం తప్పనిసరైతే నిలబడి తీయాలి. చల్లటి ఉదయం వేరే సమస్య. వెచ్చటి కారులోంచి తీసిన లెన్సు హుడ్‌లో వెచ్చటి గాలి చిక్కి అదే మెత్తదనం తెస్తుంది. సామాను బయట ఉష్ణోగ్రతకు రావడానికి 20, 30 నిమిషాలు ఇవ్వాలి. చల్లటి చోటు నుంచి వెచ్చటి, తేమ గాలిలోకి తెచ్చేటప్పుడు మాత్రం మూసిన సంచిలోనే ఉంచాలి, లేకపోతే అద్దం మీద తేమ పడుతుంది.

రాత్రి తిరిగేవాటికి మనిషి కూర్చోవడంకన్నా, బాట పక్కన కట్టి వదిలేసే ట్రయల్ కెమెరా మేలు. జంతువే తన ఫోటో తాను తీసుకునే ఈ ఆలోచన కొత్తదేం కాదు. జార్జ్ షైరాస్ అనే అమెరికన్ తీగ అడ్డం కట్టి, జింక తగిలితే ఫ్లాష్ వెలిగేలా చేసి తీసిన రాత్రి ఫోటోలతో కలిపి, ఆయనవి 74 ఫోటోలను నేషనల్ జియోగ్రాఫిక్ 1906 జులై సంచికలో వేసింది. ఇప్పుడు తీగ బదులు వేడి కదలికను పసిగట్టే సెన్సారు ఉంది. జంతువు ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ తేడా ఉంటేనే అది పనిచేస్తుంది. అందుకే మండే ఎండాకాలం పగటిపూట ఎదురుగా జంతువు నడిచినా ఊరుకుంటుంది, గాలికి ఊగే వేడెక్కిన గడ్డిని చూసి మాత్రం వందల ఖాళీ ఫోటోలు తీస్తుంది. ముందున్న గడ్డిని కోయకుండా పక్కకు వంచితే చాలు. మోకాలి ఎత్తున, అంటే 40, 50 సెంటీమీటర్ల దగ్గర కట్టాలి. బాటకు అడ్డంగా కాకుండా 45 డిగ్రీల వాలుగా పెట్టాలి. అడ్డంగా పెడితే కెమెరా మేలుకునేసరికి తోక ఒక్కటే మిగులుతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంటే ఉత్తరం వైపు, దక్షిణాన ఉంటే దక్షిణం వైపు చూసేలా కట్టాలి, లేకపోతే ఉదయం, సాయంత్రం సూర్యుడు నేరుగా పడతాడు. 940 నానోమీటర్ల దీపాలు కంటికి కనబడవు, వెలుగు దూరం తక్కువ. 850వి దూరం వెలుగుతాయి, కానీ ఎర్రటి మిణుకు కనిపిస్తుంది. బాట మీద 3, 4 మీటర్ల దూరానికి 940 సరిపోతుంది. సాలీడు లెన్సు ముందు ఒక్క దారం కట్టినా రాత్రి దీపం వెలుగుకు అది తెల్లటి తాడులా మెరుస్తుంది. చీమలు పెట్టె లోపల కాపురం పెడతాయి. వారానికోసారి తుడవక తప్పదు. భూమి యజమానిని అడిగే కట్టాలి. మనుషులు పడిన ఫోటోలను వెంటనే తీసేయాలి.

ఎప్పుడు ఆపాలన్నది జంతువే చెబుతుంది. మేత మానేసి తల ఎత్తి అలాగే ఉండిపోవడం, చెవులు మనవైపు బిగుసుకోవడం, పిట్ట నోట్లో పురుగు పెట్టుకుని గూటికి పోకుండా కొమ్మ మార్చడం, నేలమీద గూడుపెట్టే పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోవడం: ఇవి కనిపిస్తే కెమెరా దించి వచ్చిన దారినే వెనక్కి. విరిగిన రెక్క నటన చాలా ఆకర్షణీయమైన బొమ్మే. కానీ దాని అర్థం గుడ్లో పిల్లలో మీ కాళ్ల దగ్గరెక్కడో ఉన్నాయని. ఆ సమయంలో గుడ్లు ఎండకు మాడుతుంటాయి. గూటికి అడ్డమొచ్చిన ఆకులు తుంచడం, రికార్డు చేసిన కూతలు వినిపించి రప్పించడం, ఎర వేయడం నేను చేయను, చేసి తీసిన ఫోటో ఎంత బాగున్నా అది ఎదురుపడిన ఫోటో కాదు. చట్టం సంగతీ ఉంది. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టంలోని షెడ్యూల్ 1 (ప్రత్యేక రక్షణ జాబితా) పక్షులను గూటి దగ్గర లైసెన్సు లేకుండా కావాలని చెదరగొట్టడం నేరం. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లను, గూళ్లను చెదరగొట్టడాన్ని వేట నిర్వచనంలోనే చేర్చింది.

ఇంటికొచ్చాక మొదటి పని ఏదీ చెరపకపోవడం. వింత ఫోటోను జనం నమ్మాలంటే ముందూ వెనకా ఫ్రేములు ఉండాలి. 2009 వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫోటో గెలిచింది. అది మచ్చికైన తోడేలని నిర్ణయించి 2010లో బహుమతి రద్దు చేశారు. అదే పోటీలో 2017లో గెలిచిన చీమలతిండి జంతువు ఫోటోను, అందులోది గడ్డి కూరిన బొమ్మ అని తేల్చి 2018లో కొట్టేశారు. రా ఫైళ్లు వరసగా ఉంటే మనం వాదించనక్కర్లేదు, అవే మాట్లాడతాయి. గరుకుదనం తీసే కొత్త ప్రోగ్రాములు బాగానే పనిచేస్తాయి, కానీ ఎక్కువ పెడితే లేని ఈకలు అల్లుతాయి. ఒక పిట్ట ఏ జాతో తేల్చాల్సిన ఫోటోకు వాటిని వాడను. జాతి తేల్చాలంటే పక్క నుంచి ఒళ్లంతా, ముక్కు, తోక, ఎగిరేటప్పుడు రెక్క అడుగుభాగం, ఇవి మసగ్గా వచ్చినా సరే, అందమైన ముఖచిత్రంకన్నా పనికొస్తాయి. వివరణలో చూసింది రాయాలి, ఊహించింది వేరుగా రాయాలి. 'రెండు జెర్రిపోతులు పెనవేసుకుని ఇరవై నిమిషాలు' అన్నది చూసింది. 'ప్రేమ' అన్నది మన కవిత్వం.

పంచుకునే ముందు ఫోటోలోంచి స్థలం వివరాలు తీసేయాలి. ఫోనుతో తీసినదానిలో అక్షాంశాలు, రేఖాంశాలు దాగి ఉంటాయి. గుడ్లగూబ గూడు, అలుగు బొరియ ఎక్కడో బయటపడితే మొదట వచ్చేది గుంపు, తర్వాత వచ్చేది వేటగాడు. జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనేచురలిస్ట్ సైటులో ఎక్కిస్తే ముప్పులో ఉన్న జాతుల స్థలాన్ని అది తనంతట తానే మసకబారుస్తుంది. మామూలు జాతులకు ఆ ఎంపిక మనమే పెట్టుకోవాలి.

చివరగా కెమెరా. గడియారం నిమిషం తేడా లేకుండా ఉందో లేదో చూస్తాను, ట్రయల్ కెమెరా ఫోటోలతో సరిపోల్చడానికి అదొక్కటే ఆధారం. ఫైళ్లు రెండు చోట్లకు ఎక్కించాక కార్డును కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేస్తాను. బ్యాటరీ నిండాక, డయల్ 'పరుగు' మీదికి తిప్పి, లెన్సును పొట్టి చివరకు తెచ్చి, గది అవతలి గోడ మీద ఒకసారి ఫోకస్ చేసి సంచిలో పెడతాను.